సీసానా, టిన్నా: నా ఆరుకి ఆరు సంగతి

సభకు అధ్యక్షత వహిస్తున్న మేనేజరు గారికి, నా పక్కనే కూర్చుని ఇందాకటి నుంచి నా వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూస్తున్న యూనియన్ కార్యదర్శి గారికి, ల్యాబు మేడమ్ గారికి, హాలుకి ఎడమ పక్కన కూర్చున్న సీసాల లైను మిత్రులకి, కుడి పక్కన కూర్చున్న టిన్నుల లైను మిత్రులకి, ఏ పక్కన కూర్చుంటే ఏం మాట వస్తుందోనని మధ్య దారిలో నిలబడిపోయిన క్యాంటీన్ వాళ్లకి, మొదటి వరుసలో ఉన్న మా ఆవిడకి, మా అక్కయ్యకి, ఆమె పక్కన చేతులు కట్టుకుని పైకప్పు ఫ్యాను చూస్తున్న మా బావగారికి, పేరుపేరునా నమస్కారం.

నాకంటే ముందు నలుగురు మాట్లాడారు. నలుగురూ నన్ను పొగిడారు. నన్ను అంటే నన్ను కాదు, నా నాలుకని. ఇలాంటి నాలుక మళ్లీ ఈ ఫ్యాక్టరీకి దొరకదని మేనేజరు గారు అన్నప్పుడు మా ఆవిడ ముఖం చూశాను. ఆ నాలుక గురించి ఆవిడకి వేరే అభిప్రాయం ఉంది. మైకు ఇస్తే చెప్పేస్తుంది, అందుకే ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దని కార్యదర్శి గారిని పొద్దున్నే బతిమాలుకున్నాను. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన పని ఏమిటో బయటివాళ్లకి చెబితే నమ్మరు. రోజూ పది గంటలకి, కిటికీ లేని తెల్లగోడల గదిలో, ఒక కుర్చీలో కూర్చుని, ముందు రోజు నింపిన బీరు తాగి, బాగుందో లేదో కాగితం మీద రాయడం. జీతం ఇచ్చి మరీ తాగించే ఉద్యోగం అని మా పెళ్లిచూపుల్లో చెబితే మా మామగారు లేచి వెళ్లిపోయారు. తర్వాత ఎవరో సర్దిచెప్పి తీసుకొచ్చారు. కానీ ఈ ఉద్యోగంలో కష్టం మా ఆవిడకి తెలుసు. ఇంట్లో సెంటు లేదు, వాసన సబ్బు లేదు, పొద్దున ఉల్లిపాయ లేదు. ఇన్నేళ్లూ ఆవిడ వాసన లేని సబ్బుతో స్నానం చేసి, ఉల్లిపాయ లేని కూర తిని, నాతో కాపురం చేసింది. నిన్న బజారుకి వెళ్లి మూడు సెంటు సీసాలు కొనుక్కొచ్చింది. ఇప్పుడు ముందు వరుసలో ఎవరికైనా తుమ్ములు వస్తున్నాయంటే కారణం అదే, క్షమించండి. (నవ్వులు)

ఇన్నేళ్లలో నన్ను అడగని వాడు లేడు. ఇదేదో పెద్ద ప్రశ్న అనుకునేరు. ఒకటే ప్రశ్న. టిన్నులో బీరు, సీసాలో బీరు, రెండూ ఒకటే రుచా, వేరువేరా? క్షవరం చేసేవాడు కత్తి మెడ మీద పెట్టి అడిగాడు. పెళ్లిళ్లలో అడిగారు, చావు దగ్గర కూడా ఒకాయన పక్కకి పిలిచి అడిగాడు. పళ్ల డాక్టరు నా నోరు తెరిపించి, రెండు చేతులూ లోపల పెట్టి, అప్పుడు అడిగాడు. నేను చెప్పిన జవాబు ఆయనకి అర్థం కాలేదు, అయినా అవునవును అని తలూపాడు. ఆ జవాబుకి ఉన్న విలువ అంతేనని ఈ రోజు ఒప్పుకోవడానికే ఇక్కడ నిలబడ్డాను.

మన వాళ్లకి తెలిసిందే అయినా, కుటుంబాలతో వచ్చినవాళ్ల కోసం చెబుతాను. మన దగ్గర బీరు తయారయ్యేది ఒకటే ట్యాంకులో. ఆ ట్యాంకు కింద నుంచి ఒకటే గొట్టం వస్తుంది. నడవా చివర అది రెండుగా చీలి, ఎడమవైపుది సీసాల లైనుకి, కుడివైపుది టిన్నుల లైనుకి వెళుతుంది. అంటే ఆ చీలిక దాకా అది ఒక్క బీరే. అక్కడి నుంచి మాత్రం మన వాళ్లకి అది రెండు కులాల బీరు అయిపోతుంది. (నవ్వులు) సీసాల వాళ్లు, టిన్నులో పోస్తే రేకు వాసన వస్తుందయ్యా అంటారు. టిన్నుల వాళ్లు, లోపల పూత ఉంటుంది, బీరుకి రేకు తగలనే తగలదు, మీ సీసాకే వెలుతురు తగిలి స్కంకు అనే అమెరికా జంతువు వాసన వస్తుంది అంటారు. ఆ స్కంకు వాసన ఎలా ఉంటుందో వాళ్లలో ఒక్కడికీ తెలియదు. నాకూ తెలియదు, కానీ కాగితం మీద రాశాను, నాలుగైదు సార్లు.

నేను మొదటి రోజు నుంచి సీసా పార్టీ. ఎందుకంటే చెప్పలేను. సీసా చేతికి బరువుగా ఉంటుంది, పెద్దమనిషి తరహాగా ఉంటుంది. టిన్ను చూస్తే నాకు పురుగుల మందు కొట్టే డబ్బా గుర్తొస్తుంది. ఇదీ నా శాస్త్రం. టిన్నుల లైనుకి ఫోర్‌మన్ ఎవరో తెలుసు కదా, మా బావగారే. ఇరవై ఆరేళ్లు ఆ లైను నడిపారు. నిమిషానికి మూడు వందల ఖాళీ టిన్నులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోయే చోట నిలబడి, చెవులు రెండూ ఆ లైనుకే ధారపోశారు. మొదటి పదిహేనేళ్లు చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆయనకి ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా, గట్టిగా చెప్పాలి. మా అక్కయ్య గొంతు ఇంటి పక్కవాళ్లకి వినపడుతుందని అందరూ అంటారు. ఆవిడ గొంతు పుట్టుకతో అలాంటిది కాదు, నేను సాక్షిని.

ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి బావ మా ఇంటికి వచ్చేవాడు. వచ్చేవారు. సభామర్యాద, మర్చిపోయాను. (నవ్వులు) మేడ మెట్ల మీద కూర్చునేవాళ్లం. పై మెట్టు మీద ఆయన, కింది మెట్టు మీద నేను. ఆయన చేతిలో టిన్ను, నా చేతిలో సీసా. టిన్ను గొప్పని ఆయన, సీసా గొప్పని నేను, ఇద్దరం అరుచుకునేవాళ్లం. ఆయన చెవుల వల్ల నేను అరిచేవాణ్ణి, నేను అరుస్తున్నానని ఆయన అరిచేవారు. వీధిలో పోయేవాళ్లు బావా బావమరుదులు ఆస్తి కోసం కొట్టుకుంటున్నారని అనుకునేవాళ్లట. తాగింది చెరొకటి, అంతే. కానీ వారం మొత్తం మీద నాకు ఆ గంట కోసమే బతుకుతున్నట్టుండేది. ఈ మాట మా ఆవిడ ముందు అనకూడదు, అనేశాను.

ఆ శనివారాలు ఆగిపోయి పదకొండేళ్లయింది. ఎందుకు ఆగిపోయాయో చెప్పాలంటే ఆ పరీక్ష గురించి చెప్పాలి.

అప్పటి మేనేజరు గారు సరదా మనిషి. ఈ గొడవ ఎన్నాళ్లని, వార్షికోత్సవం నాడు అందరి ముందూ తేల్చేద్దాం అన్నారు. సీసాల తరఫున నేను, టిన్నుల తరఫున బావ. చెరి ఆరు గ్లాసులు. ప్రతి గ్లాసులో ఉన్నది సీసా బీరా, టిన్ను బీరా చెప్పాలి. ఏర్పాట్లన్నీ మన ల్యాబు మేడమ్ చేశారు. రంగు కనపడకూడదని నల్ల గ్లాసులు తెప్పించారు. అన్నిటికీ ఒకే చల్లదనం ఉండాలని థర్మామీటరు పెట్టి కొలిచారు. నురగ చావకూడదని ముందుగా పోసి పెట్టకుండా, ఒక్కొక్కటే అప్పటికప్పుడు మూత తీసి, తెర వెనకాల పోసి, గ్లాసు మాత్రం ఇవతలికి అందించారు. ఇంత పకడ్బందీగా కాలేజీ పరీక్షలు కూడా జరగవు.

నాకు ఆరుకి ఆరూ వచ్చాయి. బావకి మూడు వచ్చాయి.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. నాకు ఈ షీల్డు ఇచ్చారు. ఇదిగో, చూడండి, మీద ఇత్తడి నాలుక కూడా ఉంది. దూరం నుంచి చెప్పు అడుగులా కనపడుతుంది గానీ నాలుకే. (నవ్వులు) నన్ను 'ఆరు' అని పిలవడం మొదలుపెట్టారు. బావని 'మూడు' అన్నారు. టిన్నుల ఫోర్‌మన్‌కి తన టిన్నేదో తనకే తెలియదట అని క్యాంటీన్‌లో ఒకటే నవ్వు. కొత్తగా చేరినవాళ్లకి ఆయన అసలు పేరు ఇప్పటికీ తెలియదు. ఆయన నడవాలో వస్తుంటే 'మూడు గారు వస్తున్నారు' అనేవాళ్లు, ఆయనకి వినపడదన్న ధైర్యం. ఆయన మాత్రం ఒక్క మాటే అన్నారు. రెండూ ఒకటే రుచి కాబట్టే సగం తప్పాయి, బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తాయి కదా అన్నారు. ఓడిపోయినవాడి మాట ఎవరు వింటారు? ఆ వారం నుంచి మోకాలి నొప్పి, మెట్లు ఎక్కలేనని శనివారాలు మానేశారు. అదే మోకాలితో రోజూ మూడంతస్తులు ఎక్కి లైను మీదకి వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను.

కార్యదర్శి గారు మళ్లీ గడియారం చూశారు. అయిపోతోంది, కంగారు పడకండి. అసలు సంగతి ఇప్పుడే వస్తోంది, కాస్త మంచినీళ్లు తాగనివ్వండి. (విరామం)

అయ్యా, ఆ రోజు మేడమ్ నా కంటికి తెర కట్టారు, నాలుకకి నీళ్లిచ్చి కడిగించారు, ముక్కుకి గాలి ఆడాలని ఫ్యాను కూడా పెట్టించారు. చెవుల సంగతి మర్చిపోయారు.

నేను తెరకి రెండు అడుగుల దూరంలో కూర్చున్నాను. సీసా మూత తీస్తే 'టప్' అంటుంది. టిన్ను తీస్తే 'టక్' మని ఆగి, 'తుస్సు' మంటుంది. మొదటిది 'టప్' అంది, నేను సీసా అన్నాను. రెండోది 'తుస్సు' మంది, నేను టిన్ను అన్నాను. ఆరుకి ఆరూ అంతే. (హాలులో గుసగుసలు)

మేడమ్, మీ తప్పేం లేదు, తల దించుకోకండి. బీరు గురించి బతుకంతా ఆలోచించేవాళ్లు చేసే తప్పు అది. నురగ బాగుండాలని చూశారు, అంతే. మరో ఊళ్లో మరొకరైతే ముందే పోసి పెట్టేవాళ్లు, నురగ చచ్చేది, నా గుట్టు బయటపడేది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, నన్ను నేను మరీ దొంగని చేసుకోకూడదు కదా. ఆ 'తుస్సు' విన్న తర్వాత తాగితే, నిజంగానే నా నాలుకకి రేకు రుచి తగిలింది. ఒట్టు. చెవి చెబితే నాలుక అవునంది. అంటే ముప్పై ఒక్క ఏళ్లుగా మీరు పొగుడుతున్న ఈ నాలుక, ఇంట్లో నాలాగే, పక్కవాళ్లు ఏం చెబితే దానికి తలూపే రకం. కానీ నాలుగో గ్లాసు దగ్గర నాకు తెలిసిపోయింది, నేను రుచి చూడటం లేదు, వింటున్నానని. అప్పుడు లేచి చెప్పొచ్చు. చప్పట్లు మొదలయ్యాయి, చెప్పలేదు. ఆ తర్వాత బావ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి 'టప్' లేదు, 'తుస్సు' లేదు. ఆ హాలంతటిలో నిజంగా రుచి చూసి జవాబు చెప్పినవాడు ఆయన ఒక్కడే. ఆయనకి వచ్చిన మూడు మార్కులే ఆ పరీక్షలో నిజమైన మార్కులు.

చెప్పడానికి ప్రయత్నించలేదని కాదు. మరుసటి ఆదివారం అక్కయ్య ఇంట్లో భోజనాల దగ్గర, నీళ్లు నమిలి నమిలి, తల వంచుకుని, కంచంలోకి చూస్తూ చెప్పాను. బావా, ఆ రోజు నాకు మూతల చప్పుడు వినపడింది అని. చెవులు సరిగా లేని మనిషికి, ముఖం చూపించకుండా, గొంతు పెగలకుండా చెప్పాను. ఆయన మంచినీళ్ల చెంబు నా వైపు జరిపారు. హమ్మయ్య, నేను చెప్పాను, ఆయనకి వినపడలేదు, నా బాధ్యత తీరింది అనుకున్నాను. అంత తెలివిగా చెప్పాను చూడండి. పదకొండేళ్లు ఆ తెలివితోనే నిద్రపోయాను, పోయాననుకున్నాను. ఈ షీల్డు బీరువా మీద పెడితే అద్దంలో కనపడుతోందని, వంటింట్లో డబ్బాల వెనక్కి మార్చాను.

అందుకే ఇవాళ మైకులో చెబుతున్నాను. ఆ పెద్ద స్పీకరు బావ వైపు తిప్పమని ఎలక్ట్రీషియన్‌కి నేనే చెప్పాను. బావా, ఇటు చూడు. ఫ్యాను తర్వాత చూద్దువు. ఆ రోజు నేను మోసం చేశాను. నీ పేరు పోగొట్టాను. నన్ను క్షమించు. వినపడిందా?

(ఫోర్‌మన్ గారు లేచి నిలబడి ఏదో అన్నారు.)

మైకు ఇవ్వండి, మైకు. అక్కయ్యకి కాదు, ఆయనకి.

('వినపడింది. ఆ ఆదివారం కూడా వినపడింది, నువ్వు తల వంచుకున్నా నీ పెదాలు కనపడ్డాయి. నాకు చెప్పి ఏం లాభం? నాకు మూడు ఎందుకొచ్చాయో నాకు తెలుసు. చెప్పాల్సింది వీళ్లకి' అని ఫోర్‌మన్ గారు కూర్చున్నారు.)

అంటే చెంబు... మంచినీళ్ల చెంబు అందుకే జరిపావా. నా గొంతు ఎండిపోయిందని తెలిసి. పదకొండేళ్లు ఎదురుచూశావా, బావా? ఒక్కసారి కాలరు పట్టుకుని అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి కదా. సరే, అడగాల్సింది నువ్వు కాదు. నాకే బుద్ధి ఉండాల్సింది.

ఒక్క నిమిషం, కళ్లజోడు తుడుచుకుంటాను. ఇది మా ఆవిడ సెంటు వల్ల. (నవ్వులు)

ఇక, మన ఆనవాయితీ ఒకటి ఉంది. టేస్టింగ్ రూము నుంచి రిటైరయ్యే మనిషి చివరి రోజు సభలో ఆరు గ్లాసులు రుచి చూసి, ఏది ఏదో చెప్పి వెళ్లాలి. ఆ మూల నల్ల గ్లాసులు, తెర సిద్ధంగానే ఉన్నాయి. పది రోజులుగా దీని గురించే నాకు భయం. ఇవాళ కూడా 'టప్', 'తుస్సు' విని, ఆరుకి ఆరు కొట్టి, చప్పట్లతో ఇంటికి పోవచ్చు. ఎవరూ అనుమానించరు. కానీ నిన్న టిన్నుల లైనుకి వెళ్లి వీటిని అడిగి తెచ్చుకున్నాను. ఇదిగో, పసుపు పచ్చ స్పాంజి ప్లగ్గులు. ఇవి చెవుల్లో పెట్టుకుని తాగుతాను. మేడమ్, మీరు మొదలుపెట్టండి. మార్కులు కార్యదర్శి గారు వేస్తారు, గడియారం చూసే పని కాసేపు తప్పుతుంది.

(వక్త చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నారు. మొదటి గ్లాసు.)

అబ్బా. ఏమీ వినపడటం లేదు. నా మాట నాకే బావిలోంచి వస్తున్నట్టుంది. మీరంతా నోళ్లు కదుపుతున్నారు, నవ్వుతున్నారు, నన్ను చూసి నవ్వుతున్నారో వేరే దేనికో తెలియడం లేదు. బావా, నీకు రోజూ ఇలాగే ఉంటుందా? నడవాలో నీ వెనకాల ఎవరో నవ్వితే నీకు ఇలాగే ఉండేదా? నేను ఒక్క నిమిషంలో కంగారు పడుతున్నాను, నువ్వు ఇన్నేళ్లు ఎలా ఉన్నావు?

సరే, తాగుతాను. ఇది సీసా. రెండోది... ఇది కూడా సీసా. మూడోది టిన్ను, అవును, రేకు వాసన స్పష్టంగా ఉంది. నాలుగు, టిన్ను. అయిదు, సీసా. ఇందులో సందేహమే లేదు, పెద్దమనిషి రుచి. ఆరు, టిన్ను.

అయిపోయింది. ఎన్ని? వేళ్లతో చూపించండి.

(కార్యదర్శి గారు రెండు వేళ్లు చూపించారు. మేడమ్ మూడో గ్లాసులో పోసిన సీసా ఎత్తి చూపించారు. పెద్దగా నవ్వులు, చప్పట్లు.)

రెండు! రెండేనా? మూడోది సీసానా? అంత స్పష్టంగా రేకు వాసన వచ్చిందే. సరే, సరే. అయితే వినండి, మీరు నవ్వడం నాకు వినపడకపోయినా మీకు నా మాట వినపడుతుంది కదా. పళ్ల డాక్టరు గారు సభలో ఉంటే వారికి కూడా చెబుతున్నాను. టిన్నులో బీరు, సీసాలో బీరు, గ్లాసులో పోసి చెవులు మూసుకుంటే రెండూ ఒకటే. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను. కాదు, ఇప్పుడు గడిచిన మూడు నిమిషాల అనుభవంతో చెబుతున్నాను. అంతకు ముందు అనుభవం లెక్కలోకి రాదు.

రేపటి నుంచి ఈ ఫ్యాక్టరీలో 'ఆరు' అనే మనిషి లేడు. ఎవరైనా నన్ను పిలవాలంటే 'రెండు' అని పిలవండి. బావకి నాకంటే ఒకటి ఎక్కువ వచ్చింది కాబట్టి, ఈ షీల్డు ఆయనది. బావా, పైకి రా. మోకాలి నొప్పి అంటే ఊరుకోను, మూడే మెట్లు. ఇదిగో, పట్టుకో. నాలుక పైకి ఉండేలా పట్టుకో, లేకపోతే చెప్పు అనుకుంటారు.

(ఫోర్‌మన్ గారు షీల్డు అందుకుని వక్త చెవి దగ్గర ఏదో అన్నారు. మైకు దగ్గరగా ఉండటంతో సభలో అందరికీ వినపడింది. పెద్దగా చప్పట్లు.)

ఏమన్నాడు? అందరూ ఎందుకు చప్పట్లు కొడుతున్నారు? ఆగండి, ప్లగ్గులు తీస్తున్నాను. ఆఁ, ఇప్పుడు చెప్పు బావా, ఏమన్నావు? తల అడ్డంగా ఊపుతాడేమిటి? మళ్లీ చెప్పడా? అయ్యా, నేను పదకొండేళ్లు చేసిన పనికి ఒక్క నిమిషంలో బదులు తీర్చుకుంటున్నాడు చూడండి. కార్యదర్శి గారూ, మీరైనా చెప్పండి. మీరూ చెప్పరా. మేనేజరు గారూ?

అక్కయ్యా, నువ్వు చెప్పు. నీకు మైకు అక్కర్లేదు.

('శనివారం ఆరింటికి వస్తాడట. గ్లాసులు కడిగి పెట్టమంటున్నాడు!')

మేనేజరు గారికి, కార్యదర్శి గారికి, మేడమ్‌కి, రెండు లైన్ల వాళ్లకి, క్యాంటీన్ వాళ్లకి, అందరికీ కృతజ్ఞతలు. ఇంకా చాలా చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చాను గానీ, ఇవాళ శుక్రవారం. నల్ల గ్లాసులు రెండు మేడమ్‌ని అడిగి తీసుకెళ్లాలి, మెట్లు ఊడ్చుకోవాలి, పై మెట్టు మీద బావకి తలగడ ఒకటి వేయాలి. నాకు చాలా పని ఉంది. సెలవు.